వణుకు కన్నా ముందు పేగులను అడగండి

పార్కిన్సన్స్ ఉన్న మనిషిని చూసుకునే ఇంట్లో పొద్దున్నే మొదలయ్యే ఆందోళన విరేచనం గురించి. ఈ రోజు అయిందా, లేదా? మా నాన్నగారికి ఈ జబ్బు వచ్చిన తరువాత ఆ ప్రశ్న మా ఇంట్లో మామూలు మాటైపోయింది. నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడే సంగతి కాబట్టి, పరామర్శకు వచ్చిన బంధువులు చేతుల గురించి, నడక గురించి అడుగుతారు. కడుపు గురించి అడగరు. చాలాసార్లు వైద్యులూ అడగరు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ అడగకపోవడమే.

దీనికి తోడు ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. పార్కిన్సన్స్‌కు అసలు కారణం పేగుల్లోని బ్యాక్టీరియాయేనని కనిపెట్టారని, ఫలానా పొడి తాగినా, మేలుచేసే బ్యాక్టీరియా ఉండే ఫలానా ప్రోబయోటిక్ వాడినా వణుకు కట్టేస్తుందని ఫోనులో సందేశాలు వస్తున్నాయి. పంపేవాళ్లు మా మంచి కోరేవాళ్లే, వారి ఆదుర్దా నాకు అర్థమవుతుంది. కానీ ఒకవైపు పేగుల ఊసే ఎత్తని వైద్యం, మరోవైపు పేగులే సర్వస్వమనే ప్రచారం, ఈ రెండింటి నడుమ నిజంగా తెలిసిన సంగతి నలిగిపోతోంది. నేను చెప్పదలచుకున్నది ఇది: పేగులకూ పార్కిన్సన్స్‌కూ సంబంధం ఉంది, గట్టిగానే ఉంది. బ్యాక్టీరియాయే ఈ జబ్బును పుట్టిస్తోందని మాత్రం మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. ఆ రుజువు దాకా ఆగనక్కర్లేకుండా ఈ రోజే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. వాటిని మనం చేయడం లేదు.

ఈ సంబంధం నిన్న మొన్న బయటపడింది కాదు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వర్ణిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన వర్ణించింది ఆరుగురు రోగులనే. వారిలో కొందరిని వీధిలో నడుస్తుండగా చూసి గమనించాడు. ఆ కొద్ది పేజీల్లోనే ఈ రోగుల పేగులు మొదటి నుంచీ మందకొడిగా ఉంటాయనీ, జబ్బు ముదిరాక బలమైన విరేచన మందులు కావలసి వస్తుందనీ, ఒక్కోసారి మలాన్ని చేత్తో తీయవలసి వస్తుందనీ రాసిపెట్టాడు. తరువాతి తరాల వైద్యం వణుకునూ బిగుసుకుపోవడాన్నీ పట్టుకుని పేగుల మాటను పక్కన పెట్టేసింది. దానికీ కారణం ఉంది. మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి భాగంలో, కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చచ్చిపోతున్నాయని తేలాక, లెవోడోపా మందు రోగులను కుర్చీల్లోంచి లేపి నడిపించాక, అందరి కళ్లూ మెదడు మీదే నిలిచాయి.

మలబద్ధకం జబ్బు వల్ల వచ్చిందా, జబ్బు కన్నా ముందే ఉందా అన్నది తేల్చడానికి హవాయి దీవుల్లో జరిగిన ఒక అధ్యయనం బాగా పనికొచ్చింది. అక్కడ స్థిరపడ్డ జపాన్ సంతతి పురుషులు 6,790 మందిని 1970ల తొలి సంవత్సరాల్లో రోజుకు ఎన్నిసార్లు విరేచనం అవుతుందని అడిగి రాసుకున్నారు. తరువాత 24 ఏళ్ల పాటు వారిని గమనించారు. వారిలో 96 మందికి పార్కిన్సన్స్ వచ్చింది. రోజుకు ఒక్కసారైనా కానివారికి, రోజుకు ఒకసారి అయ్యేవారితో పోలిస్తే ముప్పు రెండున్నర రెట్లకు పైగా ఉందని 2001లో ప్రకటించారు. అంటే చెయ్యి వణకడానికి ఎన్నో ఏళ్ల ముందే పేగుల్లో ఏదో మొదలవుతోంది. ఈ లెక్కను రెండో వైపు నుంచి కూడా చదవాలి. ఆరువేల ఏడువందల మందికి పైగా ఉన్నవారిలో జబ్బు వచ్చింది వందమందికి లోపే. మలబద్ధకం ఉన్నవారిలో అత్యధికులకు పార్కిన్సన్స్ ఎప్పటికీ రాదు. చదివేవారెవరూ ఈ వాక్యం దాటి భయాన్ని మోసుకెళ్లకూడదని నా కోరిక.

ఇక పేగుల నుంచి మెదడు దాకా దారి ఏమిటి? ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మన నాడీకణాల్లో మామూలుగానే ఉంటుంది. పార్కిన్సన్స్‌లో అది వంకర తిరిగి ముద్దలు కడుతుంది. 1912లో ఫ్రీడ్రిష్ లెవీ చూసిన ఆ ముద్దల్లో ఉన్నది ఈ ప్రొటీనేనని 1997లో తేలింది. జర్మనీకి చెందిన హైకో బ్రాక్ ఎందరో చనిపోయినవారి మెదళ్లను పరిశీలించి, 2003లో ఒక ప్రతిపాదన చేశారు. ఈ ముద్దలు మొదట కనిపించేది మెదడు అడుగు భాగంలో, వేగస్ నాడి మొదలయ్యే చోటా, వాసన పసిగట్టే భాగంలోనూ. డోపమైన్ కణాల వంతు తరువాత వస్తుంది. వేగస్ నాడి మెదడు నుంచి దిగి గుండెనూ కడుపునూ పేగులనూ కలుపుతుంది. కాబట్టి ఏదో ఒక క్రిమి గానీ, విషపదార్థం గానీ పేగుల్లో ఈ వంకర ప్రొటీన్‌ను పుట్టిస్తే, అది నాడి వెంట కణం నుంచి కణానికి పాకుతూ పైకి ఎక్కుతుందన్నది ఆయన ఊహ.

ఊహను పరీక్షించే అవకాశం అనుకోని చోట దొరికింది. ఒకప్పుడు కడుపులో పుండ్లకు మంచి మందులు లేని కాలంలో, ఆమ్లం తగ్గించడానికి వేగస్ నాడిని కోసేసేవారు. ఆ శస్త్రచికిత్స చేయించుకున్నవారి వివరాలు డెన్మార్క్, స్వీడన్ ప్రభుత్వ రికార్డుల్లో పదిలంగా ఉన్నాయి. నాడిని పూర్తిగా కోయించుకున్నవారిలో, ముఖ్యంగా చాలా ఏళ్లు గడిచినవారిలో, పార్కిన్సన్స్ కాస్త తక్కువగా కనిపించిందని 2015లో డెన్మార్క్ నుంచి, 2017లో స్వీడన్ నుంచి పత్రాలు వచ్చాయి. డెన్మార్క్ లెక్కలను మళ్లీ వేసి చూసిన మరో బృందం, తేడా అంత నమ్మదగినది కాదని వాదించింది. 2019లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఎలుకల పేగు గోడలోకి ఈ వంకర ప్రొటీన్‌ను ఎక్కించి, అది మెదడు దాకా చేరడాన్ని చూపించారు. వేగస్ నాడి కోసిన ఎలుకల్లో అది చేరలేదు.

దారి ఉందని దీనివల్ల తెలుస్తుంది. అందరిలోనూ జబ్బు ఆ దారినే నడిచిందని తెలియదు. డెన్మార్క్‌లోని ఆర్హస్‌కు చెందిన పెర్ బోర్గమర్ బృందం స్కాన్లు చేసి 2020లో చెప్పినది నాకు ఎక్కువ సబబుగా అనిపిస్తుంది: కొందరిలో జబ్బు ఒంట్లో మొదలై మెదడుకు ఎక్కుతుంది, కొందరిలో మెదడులో మొదలై ఒంట్లోకి దిగుతుంది. మొదటి రకం వారిలో మలబద్ధకం, నిద్రలో కలలకు తగ్గట్టు కేకలు వేయడం, చేతులు కాళ్లు విసరడం వంటివి వణుకుకు ఎంతో ముందే వస్తాయి. మా నాన్నగారు నిద్రలో ఎవరితోనో పోట్లాడుతున్నట్లు అరవడం నాకు కాలేజీ రోజుల నుంచీ గుర్తు. మేమందరం దాన్ని పీడకల అనే అనుకునేవాళ్లం.

ఇప్పుడు బ్యాక్టీరియా దగ్గరికి వద్దాం. ఇక్కడే విషయం చిక్కబడుతుంది, ఇక్కడే అమ్మకందారులు దాన్ని పలచన చేస్తారు.

2014 చివర్లో హెల్సింకికి చెందిన ఫిలిప్ షెపెరియాన్స్ బృందం 72 మంది రోగుల మలాన్ని, జబ్బు లేని మరో 72 మంది మలంతో పోల్చింది. ప్రెవోటెల్లా కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా రోగుల్లో బాగా తక్కువగా ఉంది. 2016లో కాలిఫోర్నియాలోని కాల్టెక్ సంస్థలో సర్కిస్ మజ్మానియన్, తిమోతీ సాంప్సన్ చేసిన ఎలుకల ప్రయోగం ప్రపంచమంతా మార్మోగింది. ఆల్ఫా సిన్యూక్లిన్ ఎక్కువగా తయారయ్యే ఎలుకలను బ్యాక్టీరియా సోకని వాతావరణంలో పెంచితే వాటి కదలికలు అంతగా చెడలేదు. రోగుల మలంలోని బ్యాక్టీరియాను వాటి పేగుల్లోకి ఎక్కిస్తే, ఆరోగ్యవంతుల బ్యాక్టీరియా ఎక్కించిన వాటికన్నా కదలికలు ఎక్కువగా చెడ్డాయి. సందేశాల్లో తిరిగే కథంతా ఈ ప్రయోగం మీద కట్టిందే.

అదే ప్రయోగంలో ఇంకొక సంగతి ఉంది, అది ఏ సందేశంలోనూ కనిపించదు. పీచుపదార్థాన్ని బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. పేగు గోడను కాపాడేవిగా వాటికి మంచి పేరుంది. పార్కిన్సన్స్ రోగుల్లో ఈ ఆమ్లాలను తయారుచేసే బ్యాక్టీరియా తగ్గిపోవడం చాలా దేశాల్లో కనిపించింది. కాబట్టి అవి అందిస్తే మేలు జరగాలి. కానీ కాల్టెక్‌లో, బ్యాక్టీరియా లేని ఆ ఎలుకలకు ఈ ఆమ్లాలనే ఇచ్చినప్పుడు జబ్బు లక్షణాలు తిరిగొచ్చాయి. మనిషికి మేలు చేస్తుందనుకున్నదే ఆ ఎలుకలో కీడు చేసింది. దీనికి శాస్త్రవేత్తల దగ్గర కొన్ని వివరణలు ఉన్నాయి గానీ, తేలిన సమాధానం లేదు. ఇంత మౌలికమైన చోట ముడి విడకుండా ఉండగా, ఫలానా పొడి పనిచేస్తుందని బల్లగుద్ది చెప్పడం జబ్బుమనిషిని మోసం చేయడమే అవుతుంది.

రెండో ముడి ఇంకా ముఖ్యమైనది. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు పార్కిన్సన్స్ రోగుల్లో పెరిగినట్లు కనిపించే బ్యాక్టీరియా ఏమిటో తెలుసా? లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం. మందుల షాపుల్లో ప్రోబయోటిక్ పేరుతో దొరికే డబ్బాల మీద ఉండే పేర్లు ఇవే. రోగుల్లో తక్కువగా ఉన్నది పీచును అరిగించే జాతులు. మనం కొని పోస్తున్నది ఇప్పటికే ఎక్కువగా ఉన్న కుటుంబాలు. దీన్నిబట్టి ప్రోబయోటిక్ హాని చేస్తుందని నేను అనడం లేదు. మలేషియాలో జరిగి 2021లో వెలువడిన పద్ధతైన పరీక్షలో, నాలుగు వారాలు ప్రోబయోటిక్ తీసుకున్న పార్కిన్సన్స్ రోగుల్లో మలబద్ధకం కొంత తగ్గింది. మలబద్ధకానికి అది ఒక ఉపాయం అనండి, ఒప్పుకుంటాను. జబ్బును తిప్పికొడుతుందని అంటే మాత్రం ఆధారం చూపించమంటాను.

ఏది ముందు, ఏది వెనుక అన్న చిక్కు అన్నిటికన్నా పెద్దది. మలం పేగులో రోజుల తరబడి నిలిచిపోతే అక్కడ పెరిగే బ్యాక్టీరియా ఎలాగూ మారుతుంది. పార్కిన్సన్స్‌కు వాడే మందులు, ముఖ్యంగా ఎంటకపోన్, కూడా వాటిని మారుస్తాయి. నమలడం, మింగడం కష్టమైన మనిషి తిండి మారుతుంది. మరి రోగి మలంలో కనిపించిన తేడా జబ్బుకు కారణమా, జబ్బు మిగిల్చిన గుర్తా? అలబామాలో హైదే పయామీ బృందం 490 మంది రోగులను పరిశీలించి 2022లో ప్రచురించిన పత్రంలో, మూడో వంతుకు దగ్గరగా జాతులు మారి ఉన్నాయని తేలింది. మార్పు ఎంత విస్తృతమో అది చూపించింది, మార్పుకు మొదలు ఎక్కడో ఒక్కసారి తీసిన నమూనా చెప్పలేదు.

ఇంకొక మాట. ప్రెవోటెల్లా తగ్గిందన్నది ఫిన్లాండ్ లెక్క. బియ్యం, పప్పులు, చిరుధాన్యాలు తినే భారతీయుల పేగుల్లో ప్రెవోటెల్లా సహజంగానే పాశ్చాత్యుల కన్నా ఎక్కువగా ఉంటుంది. హెల్సింకి మలంలో గీసిన గీతను తెచ్చి గుంటూరు మనిషికి ఆనిస్తే ఏం తెలుస్తుంది? మన తిండి తినే, మన మందులు వాడే రోగులను మన దగ్గరే, జబ్బు ముదరకముందు నుంచీ, ఏళ్ల తరబడి గమనించాలి. ఇంటికి మలం నమూనా డబ్బా పంపి పేగుల జాతకం చెబుతామనే పరీక్షలకు వేలు పోసేకన్నా అలాంటి పనికి డబ్బు పెట్టడం నాకు న్యాయంగా అనిపిస్తుంది.

ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధిచేసి రోగి పేగుల్లోకి ఎక్కించే చికిత్స సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. 2024లో రెండు పరీక్షల ఫలితాలు వచ్చాయి. బెల్జియంలోని గెంట్‌లో 46 మందిపై జరిగిన పరీక్షలో, ఏడాది తరువాత దాత మలం అందుకున్నవారి కదలికలు కొంత ఎక్కువ మెరుగుపడ్డాయి. తమ మలాన్నే తిరిగి అందుకున్నవారూ మెరుగుపడ్డారు, కాకపోతే తక్కువగా. ఫిన్లాండ్‌లో దాదాపు అంతేమందిపై జరిగిన పరీక్షలో ఆరు నెలలకు తేడా ఏమీ లేదు, కడుపు ఇబ్బందులు మాత్రం చికిత్స పొందినవారిలో ఎక్కువ. ఒకటి ఆశ, ఒకటి నిరాశ. పెద్ద పరీక్షలు జరగనివ్వాలి. అంతవరకు డబ్బు తీసుకుని దీన్ని చేస్తామనే చోటికి ఎవరూ వెళ్లకూడదు.

ఇంతవరకు చెప్పినదంతా జబ్బు పుట్టుక గురించిన వాదం. బ్యాక్టీరియాకు పార్కిన్సన్స్ రోగి జీవితంలో స్పష్టమైన పాత్ర ఉన్న చోటు ఇంకొకటి ఉంది. అది మందు. లెవోడోపా మాత్ర కడుపులోంచి చిన్నపేగు మొదటి భాగానికి చేరి, అక్కడ రక్తంలోకి ఎక్కి, మెదడు చేరాక డోపమైన్‌గా మారాలి. దారిలోనే డోపమైన్‌గా మారితే ప్రయోజనం లేదు, ఎందుకంటే డోపమైన్ నేరుగా మెదడులోకి వెళ్లలేదు. పైగా వాంతి భావం కలిగిస్తుంది. అందుకే మాత్రలో కార్బిడోపా కలుపుతారు, అది మన ఒంట్లో ఆ మార్పు చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. 2019లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నుంచి సహర్ ఎల్ ఐదీ బృందం, అమెరికాలోని హార్వర్డ్ నుంచి ఎమిలీ బాల్స్కస్ బృందం విడివిడిగా ఒకే నిర్ణయానికి వచ్చాయి. పేగుల్లో ఉండే ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా దగ్గర కూడా లెవోడోపాను డోపమైన్‌గా మార్చే ఎంజైము ఉంది, దాన్ని కార్బిడోపా సరిగా అడ్డుకోలేదు. పుట్టిన ఆ డోపమైన్‌ను ఎగ్గెర్తెల్లా లెంటా అనే మరో జాతి ఇంకొక పదార్థంగా మారుస్తుంది. పొలానికి వదిలిన కాలువ నీటిని దారిలో ఎవరో మళ్లించుకున్నట్టు, రోగి మింగిన మందులో కొంత భాగం మెదడుకు చేరకముందే పోతుంది. ఒకే మోతాదు ఒకరికి చాలి మరొకరికి చాలకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఆ బ్యాక్టీరియా ఎంజైమును ఆపే పదార్థాన్ని హార్వర్డ్ బృందం ప్రయోగశాలలోనూ ఎలుకల్లోనూ చూపించింది. నాకు నిజమైన ఉత్సాహం కలిగించేది ఈ దారి. ఎందుకంటే ఇక్కడ ఏ క్రిమి, ఏ ఎంజైము, ఏ మందు అన్నది వేలుపెట్టి చూపించగలిగారు.

పేగు కదలిక మందగిస్తే మందు ఇంకా చెడుతుంది. కడుపు ఖాళీ కావడం ఆలస్యమైతే మాత్ర అక్కడే కూర్చుంటుంది, చిన్నపేగుకు చేరదు. మధ్యాహ్నం మాత్ర వేసుకున్నా నాన్నగారి కాళ్లు కదలని రోజుల్లో, వెనక్కి లెక్కపెట్టుకుంటే తరచు అది విరేచనం కాని రోజే అయ్యేది. దీనికి తోడు ప్రొటీన్ సంగతి. మాంసకృత్తులు అరిగి పుట్టే అమైనో ఆమ్లాలూ లెవోడోపా కూడా పేగు గోడను, మెదడు గడపను ఒకే ద్వారం గుండా దాటాలి. ముద్దపప్పు, పెరుగు, గుడ్డు తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే పోటీలో మందు వెనకబడుతుంది. అన్నానికి అరగంట నుంచి గంట ముందు మాత్ర వేసుకోమని చెప్పేది ఇందుకే. పప్పు మానమని దీని అర్థం కాదు, ఈ జబ్బులో కండ తరిగిపోవడం కూడా ప్రమాదమే. మాత్రకూ పప్పుకూ మధ్య ఎడం ఉండాలి, అంతే.

ఇక నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం. కడుపుబ్బరం, తేన్పులు, గ్యాస్ అని వెళ్లినవారికి మన దగ్గర రాసే, చీటీ లేకుండా కూడా దొరికే కొన్ని మాత్రల్లో ఆమ్లం తగ్గించే మందుతో పాటు లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. ఇది డోపమైన్ పనిచేసే తలుపులను మూసే మందు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. జబ్బు లేని వృద్ధుల్లో కూడా ఇవి అచ్చం పార్కిన్సన్స్ లాంటి వణుకునూ బిగుతునూ తెప్పించగలవు. మందు ఆపితే చాలామందిలో వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, అందరిలో కాదు. జబ్బు అప్పటికే ఉన్నవారిలో ఉన్న కాస్త డోపమైన్‌నూ పనిచేయనివ్వవు. ఎలా జరుగుతుందో ఆలోచించండి. పార్కిన్సన్స్ మొదట పేగులను మందగింపజేస్తుంది. మనిషి గ్యాస్ అని వెళ్తాడు. ఆ మాత్ర నెలల తరబడి సాగుతుంది. చెయ్యి వణకడం మొదలవుతుంది. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ గ్యాస్ మాత్ర సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకంటే అది మన లెక్కలో మందే కాదు. వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్ రాస్తే అది పేగులను ఇంకా బిగిస్తుంది. పేగులకూ పార్కిన్సన్స్‌కూ ఉన్న సంబంధాల్లో మన తెలుగు రాష్ట్రాల్లో ఈ రోజే తెంచగలిగినది ఇదే. దీనికి ఏ కొత్త పరిశోధనా అక్కర్లేదు. అయితే ఏ మాత్రనూ ఎవరంతట వారు ఆపేయకూడదు. ఆ మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వైద్యుడి ముందు పెట్టాలి. వాంతి భావానికి మెదడులోకి అంతగా చేరని డోంపెరిడోన్ వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, దాన్నీ గుండె చూసుకుని వైద్యుడే నిర్ణయించాలి.

మలబద్ధకానికి చేయవలసినది అందరికీ తెలిసినదే, కాబట్టి సాగదీయను. నీళ్లు, తోటకూర, గోరుచిక్కుడు, జొన్నరొట్టె, ఇసబ్‌గోలు, రోజూ కాస్త నడక. అవి చాలకపోతే వైద్యుడు రాసే విరేచనకారి. మింగడం కష్టమైనవారికి పీచు, ఇసబ్‌గోలు జాగ్రత్తగా, సరిపడా నీళ్లతోనే ఇవ్వాలి. ఇవి జబ్బును ఆపవు. మాత్ర పనిచేసే గంటలను కాపాడతాయి. ఆ గంటల్లోనే మా నాన్నగారు తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటారు, పేపరు చదువుతారు, మనవరాలితో చదరంగం ఆడతారు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్, తిరుపతి అని కాదు, న్యూరాలజీ ఓపీ ఉన్న ప్రతి చోటా రోగి చేతికి ఇచ్చే కాగితం మీద రెండు ప్రశ్నలు అచ్చువేయించమని నా విన్నపం. వారానికి ఎన్నిసార్లు విరేచనం అవుతోంది? కడుపు కోసం ఏ మాత్రలు, ఎంత కాలంగా వాడుతున్నారు? అడ్డుగా ఉన్నది మొహమాటమే అయితే, రోగి నోరు తెరిచి చెప్పేదాకా ఆగకుండా ఆ కాగితమే ముందుగా అడగనివ్వండి.